యాభై ఒకటి, నలభై తొమ్మిది: రెడ్ స్నాపర్ వాటాల తగువు

మెక్సికో సింధుశాఖ ఉత్తర తీరాన, టెక్సస్ నుంచి ఫ్లోరిడా దాకా ఉన్న ఐదు అమెరికా రాష్ట్రాల రేవుల్లో మూడు దశాబ్దాలకు పైగా సాగుతున్న తగువుకు మూలం ఒక్క చేప. దాని పేరు రెడ్ స్నాపర్. దాన్ని పట్టి అమ్ముకొని బతికేవారు ఒక పక్షం. సెలవు దొరికితే సొంత పడవ వేసుకొని వెళ్ళి సరదాకి గాలం వేసేవారు రెండో పక్షం. ఏడాదికి ఎన్ని పౌన్ల చేపను సముద్రం నుంచి తీయవచ్చో ప్రభుత్వం తేలుస్తుంది. ఆ మొత్తంలో ఎవరి వాటా ఎంత అన్న దగ్గరే పేచీ. వృత్తివారికి 51 శాతం, సరదావారికి 49 శాతం అని 1990లో గీసిన గీత మీద కోర్టులు తీర్పులు చెప్పాయి, అమెరికన్ కాంగ్రెస్ చట్టాలు చేసింది, ఒక వాణిజ్య మంత్రి సొంతంగా వేటరోజులు పెంచాడు.

రెడ్ స్నాపర్ శాస్త్రనామం లూట్యానస్ కాంపెచానస్. యుకటాన్ ద్వీపకల్పాన్ని ఆనుకొని ఉన్న కాంపెచే తీరాన్ని బట్టి క్యూబా ప్రకృతి శాస్త్రవేత్త ఫెలిపె పోయే 1860లో ఆ పేరు పెట్టాడు. ఇదే ప్రజాతికి చెందిన వేరే చేపలు బంగాళాఖాతంలోనూ దొరుకుతాయి. రెడ్ స్నాపర్ ఒంటి నిండా ఎరుపు, తెల్లటి గట్టి కండ, తక్కువ ముళ్ళు. మార్కెట్లో గిరాకీకి అంతకంటే ఏం కావాలి? అది యాభై ఏళ్ళకు పైగా బతుకుతుంది. రెండేళ్ళకే గుడ్లు పెట్టడం మొదలుపెట్టినా, పదేళ్ళు దాటిన పెద్ద ఆడ చేప పెట్టే గుడ్ల ముందు చిన్నవాటి లెక్క ఏ మూలకూ రాదు. కాబట్టి సముద్రంలో ఎన్ని చేపలున్నాయన్నది ఎంత ముఖ్యమో, వాటిలో ముసలివి ఎన్ని మిగిలాయన్నదీ అంతే ముఖ్యం. పైగా ఇది ఎక్కడపడితే అక్కడ తిరిగే చేప కాదు. అడుగున రాతిగట్టో, మునిగిన ఓడో, చమురు బావి ఇనుప కాళ్ళో ఉన్నచోట గుంపుగా చేరుతుంది. చోటు తెలిసినవాడికి పట్టడం తేలిక. దాని దురదృష్టంలో సగం ఈ అలవాటుదే.

మొదట ఈ వేట పూర్తిగా వ్యాపారమే. 19వ శతాబ్దం నడుమ న్యూ ఇంగ్లండ్ నుంచి వచ్చిన తెరచాప నావలు ఫ్లోరిడాలోని పెన్సకోలా తీరంలో దీన్ని పట్టడం మొదలుపెట్టాయి. నావ అడుగున సముద్రపు నీరు వచ్చిపోయేలా కన్నాలు పెట్టిన అర ఉండేది. చేపను అందులో ప్రాణంతో రేవుకు చేర్చేవారు. ఐసు, రైలు రెండూ అందుబాటులోకి వచ్చాక వ్యాపారం ఒక్కసారిగా పెరిగింది. వారెన్ ఫిష్ కంపెనీ, ఇ. ఇ. సాండర్స్ కంపెనీ అనే రెండు సంస్థలు దశాబ్దాల పాటు పెన్సకోలా రేవును ఏలాయి. చేపల వ్యాపారంలో ఉంటూనే అమెరికా ఫిష్ కమిషన్‌కు వివరాలు రాసి పంపిన సైలస్ స్టర్న్స్, దగ్గరి చేపల నెలవులు పలచబడుతున్నాయని, నావలు నానాటికీ దూరం పోవాల్సి వస్తోందని 1880లలోనే గుర్తించాడు. అప్పటికి సరదా వేట అన్నది లెక్కలోకి రానే లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోదగ్గది. చేపను ఫలానా పక్షమే ఖాళీ చేసిందని తరవాత నడిచిన వాదాలన్నిటికంటే ముందే, చేతి గాలాలతో, తెరచాపలతోనే ఒడ్డు దగ్గరి నెలవులు తరిగిపోయాయి. దగ్గర దొరకనిది దూరాన వెతికారు. నావలు సింధుశాఖను దాటి మెక్సికో ఒడ్డునున్న కాంపెచే గట్ల దాకా వెళ్ళాయి. 1906 సెప్టెంబరు తుపాను పెన్సకోలా నావలను చావుదెబ్బ కొట్టినా వేట ఆగలేదు. 1976లో మెక్సికో 200 మైళ్ళ ప్రత్యేక ఆర్థిక మండలాన్ని ప్రకటించాకే అమెరికా పడవలకు ఆ దారి క్రమంగా మూసుకుపోయింది. అందరూ మళ్ళీ సొంత తీరానికి తిరిగి చూసుకునేసరికి అక్కడ పోటీదారు సిద్ధంగా ఉన్నాడు.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత అమెరికా మధ్యతరగతి చేతిలో డబ్బూ సెలవులూ పెరిగాయి. ఫైబర్ గ్లాస్ పడవలు, బయట తగిలించుకునే మోటార్లు, అడుగు లోతు చూపే యంత్రాలు చౌకయ్యాయి. ఫ్లోరిడాలోని డెస్టిన్, అలబామాలోని ఆరెంజ్ బీచ్ లాంటి ఊళ్ళు, తలకింతని తీసుకొని సరదావారిని వేటకు తిప్పే అద్దె పడవల మీద బతకడం నేర్చుకున్నాయి. అలబామా ముందు సముద్రం అడుగున చాలామేర ఇసుక, బురద తప్ప రాయి లేదు. అక్కడి అద్దె పడవలవాళ్ళు 1953లో 250 పాత కారు డొక్కులను ముంచి చేపలకు ఇళ్ళు కట్టారు. ఆ పద్ధతి ఆ తరవాత వందల చదరపు మైళ్ళకు పాకింది. లూసియానా ముందు 1947 నుంచి లేస్తూ వచ్చిన చమురు వేదికలు ఎవరూ తలపెట్టకుండానే అదే పని చేశాయి. సరదావారి వాదానికి ఒక పునాది ఇక్కడుంది: ఈ చేపలకు గూడు కట్టింది మేము, పన్నులు కట్టింది మేము, వాటా అడిగితే తప్పా?

రెండు పక్షాల నడుమ నమ్మకం పోయింది మాత్రం రెడ్ స్నాపర్ దగ్గర కాదు, రెడ్‌ఫిష్ దగ్గర. టెక్సస్ కయ్యల్లో వలల వల్ల రెడ్‌ఫిష్ తరిగిపోతోందని ఆగ్రహించిన కొందరు గాలం సరదావాళ్ళు 1977లో హ్యూస్టన్‌లో ఒక సంఘం పెట్టారు. అదే ఇప్పుడు కోస్టల్ కన్సర్వేషన్ అసోసియేషన్‌గా అమెరికా తీరమంతా విస్తరించింది. 1981లో టెక్సస్ శాసనసభ తన జలాల్లోని రెడ్‌ఫిష్ అమ్మకాన్నే నిషేధించింది. అదే కాలంలో న్యూ ఆర్లీన్స్ వంటగాడు పాల్ ప్రుడోమ్ మసాలా పట్టించి మాడ్చి వడ్డించిన రెడ్‌ఫిష్ దేశమంతా మోజైపోయింది. ఒక్క వంటకం తెచ్చిన గిరాకీకి తట్టుకోలేక 1986లో ఫెడరల్ జలాల్లోనూ ఆ వేటకు పగ్గాలు వేయాల్సి వచ్చింది. ఆ చేప ఆ నీళ్ళలో వృత్తివారికి మళ్ళీ దక్కలేదు. 1994లో ఫ్లోరిడా ఓటర్లు మూడింట రెండొంతులకు మించిన మెజారిటీతో రాష్ట్ర జలాల్లో చిక్కు వలలను రాజ్యాంగ సవరణ ద్వారానే రద్దు చేశారు. ఇవన్నీ చూసిన వృత్తి మత్స్యకారులకు ఒక సంగతి అర్థమైంది: సరదావారు అడిగేది వాటా పెంపు అయినా, ఆ దారి చివర తమకు మిగిలేది సున్నా కావచ్చు. రెడ్ స్నాపర్ విషయంలో వాళ్ళు ఒక్క శాతం కూడా వదలకపోవడానికి కారణం ఇదే.

1976లో వచ్చిన మాగ్నసన్ చట్టం తీరం నుంచి 200 మైళ్ళ దాకా వేటను ఫెడరల్ ప్రభుత్వం అదుపులోకి తెచ్చి, నిర్ణయాలను ఎనిమిది ప్రాంతీయ మండళ్ళకు అప్పగించింది. సింధుశాఖ మండలిలో ఓటున్న సభ్యులు 17 మంది. ఐదు రాష్ట్రాల మత్స్యశాఖల ప్రతినిధులు, ఒక ఫెడరల్ అధికారి పోగా మిగిలిన 11 మంది గవర్నర్లు పంపిన జాబితాల నుంచి నియమితులు. వాళ్ళలో వృత్తివారూ ఉంటారు, సరదావారూ ఉంటారు. అంటే వాటా పంచే బల్ల చుట్టూ కూర్చునేది వాటాదారులే. 1988లో చేసిన మొదటి నిల్వల అంచనా రెడ్ స్నాపర్ ఘోరంగా తరిగిపోయిందని తేల్చింది. 1990లో మండలి వృత్తివారికి 31 లక్షల పౌన్ల కోటా, అంటే సుమారు 1,400 టన్నులు, పెట్టింది. సరదావారికి మనిషికి రోజుకు ఏడు చేపలని హద్దు గీసింది. 1979 నుంచి 1987 వరకు ఎవరెంత పట్టారన్న లెక్కను బట్టి 51, 49 నిష్పత్తి ఖాయం చేసింది.

ఆంధ్ర తీరంలో వేటకు పగ్గం వేరే రకం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ తరవాత ఏ చేప ఎన్ని టన్నులన్న హద్దు లేదు. అమెరికా పద్ధతిలో ఒక్కో జాతికి ఒక్కో లెక్క. లెక్క నిండితే ఆ చేపకు తలుపు మూస్తారు. పద్ధతి పకడ్బందీగానే కనిపిస్తుంది, పట్టిన చేపను సరిగ్గా తూచగలిగినంత వరకు.

మొదట దెబ్బతిన్నది వృత్తివారే. కోటా అందరికీ కలిపి ఒక్కటే కావడంతో, నిండేలోగా ఎవడెంత పడితే అంత వాడిది. ఫలితం పందెం. 1992లో ఏడాది కోటా 53 రోజుల్లో అయిపోయింది. ఆ తరవాత లైసెన్సుల్లో రెండు తరగతులు పెట్టారు: ఒకరికి ట్రిప్పుకు 2,000 పౌన్లు, మరొకరికి 200. నెలలో మొదటి కొన్ని రోజులు మాత్రమే వేట తెరిచారు. గాలివానైనా సరే పడవ ఆ రోజుల్లోనే కదలాలి. అందరూ ఒకేసారి ఒడ్డుకు వచ్చేవారు, ధర పడిపోయేది. వేట మూసిన రోజుల్లో వేరే చేపల కోసం వేసిన గాలానికి రెడ్ స్నాపర్ పడితే తిరిగి నీళ్ళలోకి విసిరేయాలి. లోతు నుంచి ఒక్కసారిగా పైకి లాగిన చేప గాలితిత్తి ఉబ్బిపోయి నీటి మీద తేలుతుంది, మళ్ళీ దిగలేదు. డాల్ఫిన్‌కో పక్షికో ఆహారమవుతుంది. చట్టం కాపాడిన చేపల్లో చాలా వాటి గతి అదే.

ఇంకొకరి పాత్రను ఈ రెండు పక్షాలూ చాలాకాలం పక్కకు నెట్టాయి. రొయ్యల ట్రాలర్ల వలల్లో ఏడాది నిండని రెడ్ స్నాపర్ పిల్లలు లెక్కకు మిక్కిలిగా చచ్చేవి. పెద్ద చేపల కోసం ఇద్దరు కొట్లాడుకుంటుంటే మూడోవాడు పిల్లలను తుడిచేసుకుపోతున్నాడన్నమాట. చేప పిల్లలు తప్పించుకునే ఏర్పాటు వలల్లో ఉండాలని 1998లో సింధుశాఖలో నియమం వచ్చింది. 2000 దశకంలో డీజిల్ ధర పెరిగి, విదేశీ చెరువు రొయ్య చౌకగా దిగి, తుపానులు పడవలను మింగి ట్రాలర్ల సంఖ్య పడిపోయింది. రెడ్ స్నాపర్ కోలుకోవడానికి ఇదీ తోడ్పడింది. అమెరికా మార్కెట్‌ను ముంచెత్తిన ఆ చెరువు రొయ్యలో ఆంధ్ర తీరపు రొయ్య కూడా ఉంది. భీమవరం, నెల్లూరు చెరువుల పంటకు, సింధుశాఖ చేపకు ఉన్న ఈ దూరపు చుట్టరికం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

పందెం ఆగింది 2007 జనవరి 1న. ఆ రోజు నుంచి వృత్తివారి కోటాను వ్యక్తిగత వాటాలుగా చీల్చారు. గతంలో ఎవరెంత చేప దించారో చూసి ఆ నిష్పత్తిలో ఇచ్చారు. తన వాటా పౌన్లు ఏడాదిలో ఎప్పుడైనా పట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కౌలుకు ఇచ్చుకోవచ్చు. బదులుగా పడవ మీద ఉపగ్రహ నిఘా యంత్రం, రేవుకు రావడానికి కనీసం మూడు గంటల ముందు కబురు, ప్రతి పౌనుకూ తూకం. ఎన్విరాన్‌మెంటల్ డిఫెన్స్ ఫండ్ వంటి పర్యావరణ సంస్థలు ఈ పద్ధతిని వెనకేసుకొచ్చాయి. అప్పటి నుంచి వృత్తివారు కోటా దాటలేదు, ధర నిలబడింది, ఏడాది పొడవునా తాజా చేప దొరికింది. అయితే జనానికి చెందిన సముద్ర సంపదను కొన్ని వందల మందికి ఉచితంగా రాసిచ్చారన్న ఆరోపణకు సూటైన జవాబు మాత్రం రాలేదు. ఐదేళ్ళ తరవాత పడవ లేనివారూ వాటా కొనుక్కోవచ్చని తలుపు తెరవడంతో, ఒడ్డున కూర్చొని కౌలు వసూలు చేసుకునేవారు, ఆ కౌలు కట్టి సముద్రంలోకి వెళ్ళేవారు అని రెండు వర్గాలు ఏర్పడ్డాయి. కౌలు రైతు బాధ తెలిసిన పాఠకులకు దీన్ని విడమరచి చెప్పనక్కర లేదు.

సరదావారి కథ ఇందుకు తలకిందులుగా నడిచింది. మనిషికి ఏడు చేపల హద్దు 1995లో ఐదైంది, 1998లో నాలుగైంది, 2007లో రెండైంది. 1996 నాటి చట్టం వారి కోటా నిండగానే వేట మూసేయాలని ఆదేశించింది. 1997 నవంబరు చివర మొదటిసారి మూశారు. 2007లో ఫెడరల్ జలాల్లో వారికి 194 రోజులు దొరికితే మరుసటి ఏడాది 65 రోజులే. మొత్తం అనుమతినే 91.2 లక్షల పౌన్ల నుంచి రెండు విడతల్లో 50 లక్షలకు కుదించడం దీనికి ఒక కారణం. విచిత్రం ఆ తరవాత మొదలైంది. చేపలు పెరుగుతున్నాయి, కోటా కూడా పెరుగుతోంది, వేటరోజులు మాత్రం తగ్గుతున్నాయి.

ఇందులో మర్మమేమీ లేదు. కోటా పౌన్లలో ఉంటుంది. చేపల వయసు పెరిగేకొద్దీ ఒక్కోదాని బరువు పెరిగి, పట్టినవి అన్నే అయినా కోటా ముందే నిండుతుంది. చేపలు దండిగా ఉంటే గాలం వేసిన ప్రతివాడికీ రెండు పడతాయి. దీనికి తోడు రాష్ట్రాల పట్టుదల. చారిత్రక సరిహద్దులను బట్టి టెక్సస్‌కు, ఫ్లోరిడా పడమటి తీరానికి తొమ్మిది నాటికల్ మైళ్ళ దాకా సొంత జలాలున్నాయని 1960లో సుప్రీంకోర్టు తేల్చింది. మిగతావారికి అప్పట్లో మూడు మైళ్ళే. టెక్సస్ తన నీళ్ళలో ఏడాదంతా వేట తెరిచే ఉంచింది, అదీ మనిషికి నాలుగు చేపలతో. ఇతర రాష్ట్రాలూ తమ గడువులు పొడిగించుకున్నాయి. అక్కడ పట్టిన ప్రతి చేపా ఉమ్మడి కోటాలోంచే తరిగింది కాబట్టి ఫెడరల్ జలాలకు మిగిలిన రోజులు ఇంకా కుంచించుకుపోయాయి.

తగువు అసలు ఆయువుపట్టు లెక్కింపులో ఉంది. వృత్తివారి చేప తూకానికి వస్తుంది. సరదావారు వేలాది ప్రైవేటు జెట్టీల నుంచి, ఇళ్ళ వెనక కాలవల నుంచి బయలుదేరతారు. వాళ్ళ చేప నేరుగా వంటింటికి పోతుంది. ఫెడరల్ ప్రభుత్వం 1979లో మొదలుపెట్టిన సర్వే ఇళ్ళకు ఫోన్లు చేసి, రేవుల్లో కొందరిని ఆపి అడిగి, ఆ జవాబులను హెచ్చవేసి మొత్తం పట్టుబడిని అంచనా కట్టేది. ఏడాదంతా సాగే వేటకు అది పనికొచ్చిందేమో గాని, వారం పది రోజుల వేటను పట్టుకోవడానికి తగిన పనిముట్టు కాదు. ఫోన్ల స్థానంలో ఉత్తరాల సర్వే వచ్చాక పాత ఏళ్ళ అంచనాలు కూడా అమాంతం పెరిగాయి. ఆ కొత్త సర్వే కూడా ఎక్కువ చేసి చూపుతోందేమోనని 2023లో ఫెడరల్ సంస్థే చెప్పింది. వృత్తివారి శాతానికి, సరదావారి శాతానికి పునాదిగా తీసుకున్న 1979–87 లెక్కల్లో సగం ఇటువంటి అంచనాలే. 51, 49 అన్న అంకెలు చూడటానికి తాసులో తూచినట్టున్నా, ఒక పళ్ళెంలో రాళ్ళున్నాయి, రెండో పళ్ళెంలో ఊహ ఉంది.

చమురు ఒలికిన 2010ని మినహాయిస్తే 2007 నుంచి సరదావారు దాదాపు ప్రతి ఏడాదీ కోటా దాటారు. దీన్ని సవాలు చేస్తూ టెక్సస్ మత్స్యకారులు మరికొందరితో కలిసి వాషింగ్టన్ ఫెడరల్ కోర్టుకు వెళ్ళారు. గిండన్ వర్సెస్ ప్రిట్జ్‌కర్ పేరుతో నడిచిన ఆ వ్యాజ్యంలో 2014 మార్చిలో తీర్పు వారి పక్షాన వచ్చింది. కోటా దాటకుండా చూడటం ఐచ్ఛికం కాదని, చట్టం విధించిన బాధ్యతని కోర్టు చెప్పింది. దాంతో సరదావారి కోటాలో 20 శాతాన్ని జాగ్రత్తకని పక్కన పెట్టారు. ఆ ఏడాది వారికి దక్కినవి తొమ్మిది రోజులు.

ఆ తొమ్మిది రోజులు సరదా శిబిరాన్నే చీల్చాయి. లైసెన్సులున్న అద్దె పడవల యజమానులు తమ బతుకు వేరు, సొంత పడవలవారి సరదా వేరని వాదించి 2015 నుంచి విడిగా వాటా తెచ్చుకున్నారు: సరదా కోటాలో 42.3 శాతం అద్దె పడవలకు, 57.7 శాతం సొంత పడవలకు. ఆ ఏడాది అద్దె పడవలు 44 రోజులు తిరిగాయి, సొంత పడవలకు 10 రోజులే. పడవ కొనలేని పర్యాటకుడికి అద్దె పడవే దిక్కు కాబట్టి ఈ విభజనలో న్యాయం ఉంది. కాని సరదా సంఘాలు దాన్ని ఇంటిదొంగ పనిగానే చూశాయి.

2016లో అమలైన మండలి సవరణ చివరికి పాత గీతను కదిపింది. వృత్తివారికి 48.5, సరదావారికి 51.5 శాతం. వృత్తివారు మళ్ళీ కోర్టుకెక్కారు. 2017 మార్చిలో కోర్టు ఆ మార్పును కొట్టేసి 51, 49ని తిరిగి నిలబెట్టింది. పరిమితి దాటినవారికే ఆ దాటిన లెక్కను చూపి వాటా పెంచడం న్యాయమైన పంపకం కాదన్నది వాది పక్షపు ప్రధాన వాదన. ఆ వేసవిలో సొంత పడవలకు ప్రకటించిన గడువు మూడే రోజులు, జూన్ 1 నుంచి 3 వరకు. గగ్గోలు పుట్టింది. వాణిజ్య మంత్రి విల్బర్ రాస్ రాష్ట్రాలతో మాట్లాడి మరో 39 రోజులు కలిపాడు. కోటా మించిపోతుందని, నిల్వలు కోలుకోవడం కొన్నేళ్ళు వెనకబడవచ్చని తెలిసే ఆ పని చేసినట్టు ప్రభుత్వ ప్రకటనలోనే ఉంది. ఓషన్ కన్సర్వెన్సీ, ఎన్విరాన్‌మెంటల్ డిఫెన్స్ ఫండ్ దావా వేశాయి. రాజకీయంగా ఆ పొడిగింపు గెలుపే, నిర్వహణ దృష్టితో చూస్తే చేతులెత్తేయడమే.

మూడు రోజుల అవమానం ఒక మేలు చేసింది. 2018 నుంచి ప్రయోగంగా, 2020 నుంచి స్థిరంగా సొంత పడవల వేటను రాష్ట్రాలకే అప్పగించారు. ఫ్లోరిడాకు సుమారు 45 శాతం, అలబామాకు 26, లూసియానాకు 19, టెక్సస్‌కు 6, మిసిసిపీకి 3.5 శాతం. తమ వాటా నిండేదాకా గడువు పెట్టుకోవడం, చేపలు లెక్కించడం వాళ్ళ పనే. అలబామా, మిసిసిపీ పట్టిన ప్రతి చేపనూ ఫోన్‌లో నమోదు చేయమన్నాయి. లూసియానా ప్రతి వారం లెక్క తేలుస్తుంది. అయితే ఒక రాష్ట్రపు లెక్క మరో రాష్ట్రపు లెక్కతో, ఏ రాష్ట్రపు లెక్కైనా ఫెడరల్ లెక్కతో కలవలేదు. 2023లో వాటిని ఒకే కొలతకు తెచ్చినప్పుడు అలబామా, మిసిసిపీలకు గట్టి కోత పడింది, ఆ రాష్ట్రాలు మండిపడ్డాయి.

అసలు సముద్రంలో ఎన్ని చేపలున్నాయో వేరుగా తేల్చమని కాంగ్రెస్ నిధులిచ్చింది. టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం కార్పస్ క్రిస్టీ శాఖలోని హార్ట్ పరిశోధనా సంస్థ నాయకత్వంలో శాస్త్రవేత్తలు నీటి కెమెరాలు, ధ్వని యంత్రాలు, గుర్తు బిళ్ళలు వాడి లెక్కపెట్టారు. రెండేళ్ళు దాటిన రెడ్ స్నాపర్లు దాదాపు 11 కోట్లు ఉన్నాయని తేలింది. అంతకు ముందటి ప్రభుత్వ అంచనాకు ఇది సుమారు మూడింతలు. తేడాలో పెద్ద భాగం గట్లూ వేదికలూ లేని చదును అడుగున చెదిరి ఉన్న చేపలది. అక్కడ వేట తక్కువ. కాబట్టి చేపలు మూడింతలున్నా కోటా మూడింతలు కాలేదు, కొంత పెరిగిందంతే.

ఇదే సింధుశాఖలో రెడ్ గ్రూపర్ అనే మరో చేప విషయంలో 2022లో వృత్తివారి వాటా 76 నుంచి 59.3 శాతానికి దిగింది, సరదావారిది ఆ మేరకు పెరిగింది. అక్కడ ఆధారంగా తీసుకున్నది ఉత్తరాల సర్వే సవరించిన అంకెలనే. రెడ్ స్నాపర్ వేటను రాష్ట్రాలకు అప్పగించిన 2020 సవరణ మాత్రం వృత్తివారికీ సరదావారికీ నడుమనున్న పంపకాన్ని ముట్టుకోలేదు. 1979–87 నాటి లెక్కతో గీసిన 51, 49 గీతనే కోర్టు తిరిగి నిలబెట్టిన రూపంలో అది అలాగే ఉంచింది.